పద్ధతియే పరిచారకుడు

మన పట్టణములందు నేడొక క్రొత్తరకపు జీవిక కానవచ్చుచున్నది. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగదినముగ ప్రకటించెను. 2015 మొదలు ఏటేట ఆ దినమున మైదానములు నిండుచున్నవి. మిగిలిన దినములలో ఆ యోగమును వీధివీధిని నేర్పుచున్నవారు మాత్రము మనకంతగా కనబడరు. ఒక అద్దెగది, పది చాపలు, గోడపై ఒక పటము: ఇంతియే వారి సామగ్రి. కొందరు ఆసన ప్రాణాయామములు నేర్పుదురు. కొందరు తైలమర్దనము, ప్రకృతిచికిత్స చేయుదురు. కొందరు ఆహారనియమములు బోధింతురు; దుఃఖితుల మాట విని ధైర్యము చెప్పుదురు. వీరిలో పలువురికి వెనుక సంస్థ లేదు, నెలజీతము లేదు, జీతముతో కూడిన సెలవు లేదు. గురువును వారే, గుమాస్తాయు వారే, గది యూడ్చువారును వారే.

ఇట్టి జీవికను ధర్మమునకు భంగము లేకుండ, దేహమునకు చేటు లేకుండ, చిరకాలము నడపుట యెట్లు? ఇది లౌకికమైన ప్రశ్నగా తోచవచ్చును. కాని కర్మయోగమునకు పరీక్ష లౌకికమైన పనియందే జరుగునుగాని వేరొకచోట జరుగదు. కావున ఈ మాసపు పాఠమునకు దీనినే విషయముగ గ్రహించితిమి.

ఒక సోదరి ప్రశ్న

కొన్ని సంవత్సరముల క్రిందట మా ఆశ్రమమునకు ఒక సోదరి వచ్చెను. ఆమె తన పట్టణమున యోగము నేర్పి జీవించుచుండెను. వేకువను నాలుగున్నరకు లేచి, అయిదు మొదలు తొమ్మిదివరకు పాఠములు చెప్పును. పిమ్మట మోకాళ్లనొప్పులవారి యిండ్లకు పోయి వారిచేత వ్యాయామము చేయించును. సాయంకాలము మరల పాఠములు. రాత్రి పదునొకండు గంటలకుకూడ ఎవరో ఒకరు సెల్‌ఫోనులో తమ నిద్రలేమిని గూర్చి మొరపెట్టుకొందురు. ఆమె జవాబు చెప్పును. రుసుమింత యని నిర్ణయము లేదు. ఇచ్చినవారిచ్చిరి, మరచినవారు మరచిరి, అడుగుటకామెకు మొగమాటము. ఇట్లు ఆరేండ్లు గడిచినవి. ఒకమారు జ్వరము వచ్చి మూడు వారములు మంచమున పడగా, ఆ నెల గది అద్దెకు తమ్ముని నడుగవలసి వచ్చెను.

ఆమెను బాధించినది అద్దె కాదు. ఆమె అడిగిన మాట ఇది: "స్వామీజీ, నేను సేవయనుకొని ఈ పని ప్రారంభించితిని. ఇప్పుడెవరైనను తలుపు తట్టినచో నాకు కోపము వచ్చుచున్నది. నొప్పి చెప్పుకొను ముసలమ్మను చూచినను విసుగు పుట్టుచున్నది. నాలో దయ యెండిపోయినదా?"

ఈ ప్రశ్నకు వెంటనే సమాధానము చెప్పుటకు మాకు సాహసము కలుగలేదు. అది ఆమె ఒక్కతె ప్రశ్న కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో తన వ్యాధివర్గీకరణ పదునొకండవ కూర్పున ఇట్టి స్థితిని 'బర్నౌట్' అను పేర పేర్కొని, అది వ్యాధి కాదనియు, వృత్తివలన కలుగు స్థితియనియు నిరూపించెను. దానికి మూడు లక్షణములు చెప్పబడినవి: శక్తి హరించిపోవుట, పనిపట్ల మనస్సు దూరమగుట లేక విముఖమగుట, పనిలో సామర్థ్యము తగ్గినదని తోచుట. ఆ సోదరి తన దయ యెండిపోయెనని భయపడెను. నిజమునకు ఎండినది దయ కాదు. దయను మోయు పాత్రకు చిల్లు పడినది.

చికిత్సకు నాలుగు పాదములు

ఆ పాత్ర యెట్లుండవలెనో మన పూర్వులు చెప్పియేయున్నారు. చరకసంహిత సూత్రస్థానమున తొమ్మిదవ అధ్యాయము చికిత్సకు నాలుగు పాదములు చెప్పుచున్నది. అవి వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్కదానికి నాలుగేసి గుణములు, వెరసి పదునారు. వైద్యునకు శాస్త్రజ్ఞానము, పెక్కుసార్లు పని కన్నులార చూచిన అనుభవము, నేర్పు, శుచిత్వము ఉండవలెను. పరిచారకునకు సేవాజ్ఞానము, నేర్పు, అనురాగము, శుచిత్వము కావలెను. రోగికిని గుణములు విధింపబడినవి: చెప్పినది జ్ఞాపకముంచుకొనుట, చెప్పినట్లు నడచుకొనుట, భయపడకుండుట, తన బాధను స్పష్టముగ తెలుపగలుగుట.

ఇందు గమనింపదగిన సంగతులు రెండు కలవు. మొదటిది, స్వస్థపడుటలో రోగికిని పాలు కలదు. నాలుగు కాళ్ల మంచమును ఒక్క కాలిపై నిలుపుటకు యత్నించువాడు మంచముతోకూడ తానును పడును. ఆ సోదరి శిష్యుల నిద్రను, ఆహారమును, మనోవ్యథను అన్నిటిని తన భుజములపై నుంచుకొనెను. వారు చేయవలసిన సాధనను వారిచేత చేయింపలేదు.

రెండవది, పరిచారకుడు వేరొక పాదము. ఒంటరిగా పని చేయువారికి పరిచారకుడెవడు? జీతమిచ్చి మనిషిని పెట్టుకొను స్తోమత లేదు. అట్టివారికి పద్ధతియే పరిచారకుడు. కాలనియమము, చిట్టా, రుసుము పట్టిక, శిష్యుల వివరముల పుస్తకము: ఇవియే మాటలాడని పరిచారకులు. వీనికిని శుచిత్వము, నేర్పు కావలెను. ఈ పరిచారకులు లేనిచోట ఆ పనియంతయు వైద్యుని మనస్సే చేయవలసి వచ్చును.

నాగమహాశయుని మందుల పెట్టె

ఇంతవరకు విని ఆ సోదరి ఒక సందేహము వెలిబుచ్చెను. ఆమె నాగమహాశయుని చరిత్ర చదివియుండెను.

దుర్గాచరణ నాగు (1846-1899) నేటి బంగ్లాదేశములోని నారాయణగంజ్ సమీపమున దేవభోగ్ గ్రామమున జన్మించెను. కలకత్తాలో హోమియోపతి వైద్యము నేర్చి, ఒంటరిగా వైద్యవృత్తి నడపెను. బీదలవద్ద రుసుమడుగడు, పైగా తన సొమ్ము వారికే వెచ్చించును. వైద్యులకును, న్యాయవాదులకును, దళారులకును భగవత్ప్రాప్తి దుర్లభమని శ్రీరామకృష్ణులు పలుకగా నాతడు వినెను. విన్నవాడు ఊరకుండలేదు. మందుల పెట్టెను, వైద్యగ్రంథములను గంగలో విడిచి, ఆ వృత్తినే మానుకొనెను.

"అట్లయిన నేనును ఈ చాపలను కృష్ణలో పారవేయవలెనా స్వామీజీ?" అని ఆ సోదరి యడిగెను. ఆమె పరిహాసమునకు అడుగలేదు.

ఈ ప్రశ్నను తప్పించుకొనరాదు. నాగమహాశయుడు చేసినది మహాత్యాగము. కాని ఆ చరిత్రలోనే ఇంకొక సంగతి కలదు: ఆతడు సంసారమునే విడిచిపోదలచినప్పుడు శ్రీరామకృష్ణులు అంగీకరింపక, గృహస్థుడుగనే యుండుమని యాదేశించిరి. వైద్యుడైన మహేంద్రలాల్ సర్కారు 1885లో గురుదేవుల కంఠవ్యాధికి చికిత్స చేయుచు గంటలకొలది వారి సన్నిధిని కూర్చుండెడివాడు. ఆయనను వైద్యము మానుమని ఎవరును చెప్పలేదు. కాబట్టి దోషము పెట్టెయందు లేదు. మనస్సు పెట్టెలో బందీయగుటయందు కలదు.

మనస్సెప్పుడు బందీయగును? ధనాశ ఒక కారణము. దానిని గూర్చి పెద్దలు పలుమారులు హెచ్చరించియున్నారు. అంతగా ఎవరును చెప్పని కారణమొకటి కలదు, అది అవ్యవస్థ. జపమునకు కూర్చుండి కన్నులు మూయగనే, "ఫలానివారు రెండు నెలలుగా రుసుమియ్యలేదు, రేపు ఆరు గంటలకు ఇద్దరికి మాట ఇచ్చితినే, ఆ గర్భిణికి ఏ ఆసనము వలదంటిని?" అని తలపులు ముసరును. పుస్తకము మోయని దానిని మనస్సు మోయవలసి వచ్చును. లోభి డబ్బును తలచుచు జపము పాడుచేసికొనును. లెక్క వ్రాయని నిర్లోభియు ఆ డబ్బునే తలచుచు జపము పాడుచేసికొనును. ఇరువురి మనస్సులును ఒక్కచోటనే యున్నవి. చిట్టా వ్రాసి మూసివేసినవాడు మాత్రము దానిని మరచిపోగలడు.

ఆచరణము

ఆ సోదరికి చెప్పిన విషయములనే ఇక్కడ క్రమముగ పొందుపరచుచున్నాము.

1. కాలనియమము. ఆహారమునందు, విహారమునందు, కర్మలయందు, నిద్రాజాగరణములందు మితము పాటించువానికే యోగము దుఃఖమును పోగొట్టునని గీత ఆరవ అధ్యాయము బోధించుచున్నది. యోగము నేర్పువారికి ఈ బోధ ముందు వర్తించును. దినమున పాఠము చెప్పు గంటలెన్నియో ముందుగ నిర్ణయింపవలెను. రాత్రి ఎనిమిది దాటిన పిమ్మట ఫోను తీయకుండుట మంచిది. వచ్చిన ప్రశ్నలన్నిటికి మరునాడొక అరగంటలో సమాధానము చెప్పవచ్చును. వారమునకొక దినము పూర్తిగ విశ్రాంతి. సొంత సాధనకు కేటాయించిన గంటను ఎంత గొప్పవారు వచ్చినను ఇయ్యరాదు. ఆ గంట నూతివంటిది. తక్కిన గంటలు చేదవంటివి.

2. రుసుము. చికిత్సను సరకువలె అమ్ముకొనుటను చరకసంహిత గర్హించినది. ఆ సంహితయే సూత్రస్థానము పదునొకండవ అధ్యాయమున మనుష్యుడు వెంబడింపవలసిన మూడు ఏషణలను చెప్పుచు, ప్రాణేషణ తరువాత, పరలోకేషణకు ముందు, ధనేషణ నుంచినది. న్యాయమైన జీవనోపాధిని వెదకుట దోషము కాదని దీని భావము. కావున మొగమాటమును వైరాగ్యమని భ్రమపడరాదు.

రుసుమును ఊహతో గాక లెక్కతో నిర్ణయింపవలెను. ఒక ఉదాహరణము చూడుడు. ఇంటి ఖర్చు నెలకు 24,000 రూపాయలు, గది అద్దె 8,000, చాపలు దీపము మొదలగువానికి 2,000, వ్యాధికిని విశ్రాంతికిని నిలువ 4,000, తాను ఇంకను నేర్చుకొనుటకు 2,000 అనుకొందము. మొత్తము 40,000. వారమునకు అయిదు దినములు, దినమునకు నాలుగు గంటలు చెప్పినచో నాలుగు వారములకు 80 గంటలు. అందు 8 గంటలు బీదలకు ఉచితముగ విడిచిన మిగులునవి 72. గంటకు సుమారు 556 రూపాయలు రావలెను. తరగతికి ఎనిమిదిమంది యున్నచో మనిషికి పాఠమునకు 70 రూపాయలు. నెలకు పండ్రెండు పాఠములకు 840. అట్టివారు నలువది యెనిమిదిమంది యున్న చాలును. అంతకంటె ఎక్కువమందిని చేర్చుకొనవలసిన అవసరము లేదని ఈ లెక్కయే చెప్పుచున్నది. ఎవరికి వారు తమ ఊరి ధరలను బట్టి తమ అంకెలు వేసికొనవచ్చును. ఇంత చాలునని తెలియనివానికి ఎంత వచ్చినను చాలదు.

3. దానము. ఆ ఎనిమిది గంటలు మిగిలినవి కావు, ముందుగ తీసిపెట్టినవి. దేశము, కాలము, పాత్రము చూచి ఇచ్చు దానమే సాత్త్వికమని గీత పదునేడవ అధ్యాయము తెలుపుచున్నది. అడిగినవారికెల్ల మొగమాటమున రుసుము విడుచుట దానము కాదు. పిమ్మట లోలోన నొచ్చుకొనుటయే దానికి సాక్ష్యము. ఇయ్యలేనివారికి ఉచితపు గంటలు, ఇయ్యగలవారికి రుసుము: ఈ విభజన జరిగినపుడు ఇచ్చుటలో సంతోషము మరల కలుగును.

4. చిట్టా, ఆవర్జా. ఏనాటి జమ, ఖర్చు ఆనాడే చిట్టాలో వ్రాయవలెను. నెలకొకమారు ఆవర్జాకు ఎత్తి చూచుకొనవలెను. వృత్తి సొమ్మునకు బ్యాంకులో వేరొక ఖాతా పెట్టి, ఇంటికి నెలకింతయని తీసికొనవలెను. మూడు నెలల ఖర్చు నిలువయగువరకు క్రొత్త సామగ్రి కొనకుండుట క్షేమము. ఈ పనికి దినమునకు పది నిమిషములు చాలును. దీపము పెట్టిన పిమ్మట, జపమునకు ముందు, దీనిని ముగించుట మంచిది.

5. శిష్యుల పుస్తకము. క్రొత్తగ వచ్చినవారిని చేర్చుకొనుటకు ముందే వయస్సు, పూర్వపు శస్త్రచికిత్సలు, రక్తపుపోటు, మధుమేహము, గుండెజబ్బు, వెన్నునొప్పి, గర్భము, వాడుచున్న మందులు అడిగి వ్రాసికొనవలెను. నీటికాసులు అను కంటివ్యాధి గలవారికిని, రక్తపుపోటు అదుపులో లేనివారికిని శీర్షాసనాదులు కీడు చేయవచ్చును. అడుగకపోవుట మర్యాద కాదు, ప్రమాదము. ఈ వివరములు పరులకు చెప్పదగినవి కావు, పుస్తకమునకు తాళముండవలెను.

6. ఎల్ల. యోగశిక్షకుడు వైద్యుడు కాడు. రొమ్మున నొప్పి, కారణము తెలియక బరువు తగ్గుట, కాలు చేయి తిమ్మిరియెక్కి పట్టు తప్పుట, ఇట్టివి చూచినపుడు ఆసనము చెప్పక వైద్యునివద్దకు పంపవలెను. మందులు మానుమని ఎన్నడును చెప్పరాదు. బ్రతుకుపై విరక్తి చెంది ప్రాణము తీసికొనవలెనను మాట ఎవరి నోటనైనను విన్నచో, దానిని మనలోనే దాచుకొని ఓదార్చుచు కూర్చుండరాదు. మానసిక వైద్యునికి చేర్పవలెను. భారతప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలీ మానస్ సహాయసంఖ్య 14416ను గోడపై వ్రాసియుంచుట మంచిది. నమ్మదగిన వైద్యులు ముగ్గురినైనను ముందే పరిచయము చేసికొని యుండవలెను.

ఉపేక్షయను గుణము

ఈ యెల్లలు గీయుట కాఠిన్యము కాదా యని కొందరడుగుదురు. చరకుడు వైద్యుని ప్రవృత్తిని నాలుగు విధములుగ చెప్పెను: ఆర్తులయందు మైత్రి, కారుణ్యము, సాధ్యమైన వ్యాధి గలవారియందు ప్రీతి, మరణాసన్నులయందు ఉపేక్ష. పతంజలి సమాధిపాదమున చిత్తప్రసాదమునకు చెప్పిన నాలుగును దాదాపు ఇవియే: మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష. పతంజలి ఉపేక్షను ఇతరుల పాపవిషయమున విధించెను. చరకుడు తన చేయి దాటిన విషయమున విధించెను. వైద్యశాస్త్రమును యోగశాస్త్రమును రెండును కరుణ ప్రక్కనే ఉపేక్షను కూర్చుండబెట్టుట మనము ధ్యానింపదగిన విషయము.

ఉపేక్ష యనగా అలక్ష్యము కాదు. నా చేతిలో లేనిదానిని నాదిగా చేసికొనకుండుట. ఒకరి బాధ తీరకపోయినచో, చేయదగినది చేసి, తక్కినది భగవంతుని కర్పించి, ఆ రాత్రి నిద్రించుట. నిద్రపోనివాడు మరునాటి రోగికి అన్యాయము చేయుచున్నాడు. ఫలమునందు అధికారము లేదనిన గీతోపదేశమునకు వైద్యవృత్తిలో అర్థమిదియే.

కంఖల్ చూపిన దారి

ఒంటరిగా ప్రారంభించిన సేవ చిరకాలము నిలుచునా యను సందేహము కలవారు కంఖల్ సేవాశ్రమమును తలచుకొనవలెను. స్వామి వివేకానందుల శిష్యులైన కల్యాణానందస్వామి 1901లో హరిద్వార సమీపమున కంఖలులో అద్దె గదులలో కొద్దిపాటి మందులతో రోగిసేవ ప్రారంభించిరి. అక్కడి సాధువులకు వ్యాధి వచ్చిన చూచు దిక్కు లేకుండెను. కొంతకాలమునకు ఆయన గురుభ్రాత నిశ్చయానందస్వామి వచ్చి చేరిరి. మలమూత్రములెత్తు సన్యాసులని తోటి సాధువులు వారిని హీనముగ చూచిరి. వారు పట్టించుకొనలేదు, పనియును మానలేదు. కల్యాణానందస్వామి 1937లో దేహము చాలించువరకు ముప్పదియారేండ్లు ఆ సేవయందే యుండిరి. ఆ రెండు గదుల పని పెద్ద ఆసుపత్రిగ నేటికిని నడచుచున్నది.

సన్యాసికి రుసుముతో పని లేదు, గృహస్థునకు కలదు. ఆ భేదమును మరువరాదు. కాని ముప్పదియారేండ్లు నిలిచిన ఉత్సాహము ఆవేశమువంటిది కాదని ఇరువురును గ్రహింపవచ్చును. ఆవేశము మొదటి సంవత్సరమును నడపును. తరువాతి సంవత్సరములను నడపునది దినదినము అదే వేళకు తలుపు తెరచుట, అదే వేళకు మూయుట.

పిదప జరిగినది

ఆ సోదరి మరుసటి సంవత్సరము మరల వచ్చెను. నియమములు పెట్టిన మొదటి రెండు నెలలలో పదునొకండుగురు శిష్యులు మానివేసిరట. ఒకరు, "నీకును డబ్బు రుచి తగిలినదమ్మా" యని వీధిలో పలుకగా ఇంటికి పోయి ఏడ్చితినని చెప్పెను. ఫోను తీయని మొదటి రాత్రులలో నిద్ర పట్టలేదట, తప్పు చేయుచున్నట్లు తోచెనట. మేము దీనిని దాచి వ్రాయుట లేదు. నియమమునకు వెల కలదు, దానిని చెల్లింపవలెను.

మానినవారి స్థానమున మెల్లగ వేరొకరు వచ్చిరి. నిలువసొమ్ము రెండు నెలలకు సరిపడునంత యైనది. శనివారపు ఉచిత తరగతికి ఇండ్లలో పాచిపని చేయు స్త్రీలు వచ్చుచున్నారు; అందులకు గది చాలుట లేదు. ఈ సంగతులన్నియు చెప్పి, లేచి పోవుచు, ద్వారమువద్ద ఆగి ఇట్లనెను: "ఆ ముసలమ్మ ఇప్పటికిని అదే నొప్పి చెప్పును స్వామీజీ. నేను వినుచున్నాను."

పాఠకులకు కొన్ని ప్రశ్నలు

ఈ పాఠము చదివినవారు, వారి వృత్తి యేదైనను, ఏకాంతమున తమ్ము తాము ఈ ప్రశ్నలడిగికొందురుగాక.

నిన్న జపకాలమున నాకు వచ్చిన అన్యచింతలలో, పుస్తకమున వ్రాసియుండినచో రాకుండునవి ఎన్ని?

నేను 'సేవ' యని చేయు పనులలో, కాదనుటకు భయపడి చేయునవి ఎన్ని?

నాకు నెలకెంత చాలునో నేనెన్నడైనను కాగితముపై వ్రాసి చూచితినా?

ఇతరులు చేసికొనవలసిన సాధనను వారి బదులు నేను మోయుచున్నానా?

నేడు ఒక ప్రశ్ననే గ్రహించి, ఒక నియమమునే ఏర్పరచుకొని, నలువది దినములు తప్పక నడపిన చాలును. అన్నిటిని ఒక్కనాడే చక్కబరుపబూనుటయు అవ్యవస్థయే.